పద్నాలుగో నంబరు ఫోటో

1998వ సంవత్సరం, ఏప్రిల్ ఐదు, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. తిరుపతిలో మా ఇంటి సామాన్ల గదిలో తలుపు మూసి, తలుపు సందుల్లో పాత లంగాలు కుక్కి, మీద రెండు దుప్పట్లు కప్పుకొని, బియ్యం మూట మీద కూర్చుని నేను కెమెరాలో రీలు వేస్తున్నాను. బయట తిరుపతి ఎండ. లోపల రెండు దుప్పట్లు. గదిలోకి పోయేముందు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి నన్ను తూకం వేసి ఉంటే అరకిలో తేడా వచ్చేది. ఇంత అవస్థ ఎందుకయ్యా అంటే, రెండు ఫోటోలు ఆదా చేయడానికి. ఆ ఆదా సరిగ్గా యాభై ఐదు రోజుల తర్వాత చిత్తూరులో, డెబ్బై మంది ముందు, మా ఆయన నెత్తిన పిడుగై పడింది. ఎట్లా పడిందో చెప్తాను.

ఈ కాలం పిల్లలకు ముందు రీలు సంగతి చెప్పాలి. నిన్న మా మనవరాలు దోశ తినేముందు దానికి ఫోటోలు తీసింది. తీసేలోపల దోశ చల్లారి అట్టముక్క అయింది. "ఎన్ని తీసినావే?" అంటే "ఏమో అవ్వా" అంది. ఏమో! మా రోజుల్లో ఆ మాట అన్నవాళ్ల చేతికి కెమెరా ఇచ్చేవాళ్లు కాదు. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. రీలు వేసేటప్పుడు మొదట బయటికి లాగే ముక్కకు వెలుతురు తగులుతుంది కాబట్టి అందరూ రెండుసార్లు ఊరికే నొక్కి, ఆ పాడైన ముక్కను పక్కకు తిప్పేసి, మూడో నొక్కుడు నుంచి లెక్క మొదలుపెడతారు. అందరూ అంటే నేను తప్ప. చీకట్లో వేస్తే ఆ ముక్క పాడవదు కదా! నా రీలుకు ముప్పై ఎనిమిది. దుకాణం వాడు చూడకుండా రెండు చింతకాయలు ఎక్కువ వేసుకున్నంత సంతోషం నాకు.

మా కెమెరా మా ఆయన మద్రాసులో పాత సామాన్ల అంగట్లో కొన్నది. నల్లగా, బరువుగా, ఇనప్పెట్టెకు పుట్టిన పిల్లలా ఉండేది. పైన బొత్తాం పక్కన చిన్న గాజు కన్నం, దాని కింద అంకెల చక్రం. ఎన్ని ఫోటోలు అయ్యాయో అది చూపిస్తుంది. అయితే పాపం దానికి నా తెలివి తెలియదు. లోకంలో అందరూ రెండు వృథా చేస్తారనుకొని అది రెండు వెనకనుంచి మొదలయ్యేది. నేను పద్నాలుగు తీస్తే అది పన్నెండు చూపేది. నేను ఇరవై తొమ్మిదేళ్లు పిల్లల నోటుపుస్తకాల్లో తప్పు లెక్కలకు ఎర్ర సిరాతో గీతలు కొట్టిన లెక్కల టీచరును. ఒక చక్రం నాకు అంకెలు చెప్పడమా! అది ఎంత చూపితే దానికి రెండు కలుపుకొని మనసులో పెట్టుకునేదాన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నవాడి కంటే నేను ఒక మెట్టు పైన. నా కుందేలుకు కాళ్లు ఎన్నో నేనే కలిపి చెప్తాను.

ఇక మా ఆయన సంగతి. పేరు చెంగల్రాయులు. చిత్తూరులో ఒక వేరుశెనగ నూనె మిల్లు ఆఫీసులో హెడ్ అకౌంటెంటు. రోజూ పొద్దున తిరుపతిలో బస్సెక్కి పోవడం, సాయంత్రం రావడం. ఆఫీసులో ఆయన కళ్లద్దాల మీదుగా ఒకసారి చూస్తే చాలు, పద్దులు వాటంతట అవే సరిపోతాయని పేరు. ఆయన బల్ల మీద చేత్తో తిప్పే లెక్కల మిషను ఒకటి ఉండేది. ఏడు కిలోల ఇనుము. అంకెల మీటలు నొక్కి, పక్కనున్న పిడిని ముందుకు తిప్పితే కూడుతుంది, వెనక్కి తిప్పితే తీసివేస్తుంది. కర్‌ర్ టక్, కర్‌ర్ టక్. ఉన్నదానికన్నా ఎక్కువ తీసివేస్తే లోపల చిన్న గంట 'టింగ్' మంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పిడి తిప్పీ తిప్పీ ఆయన కుడి చెయ్యి ఎడమ చేతి కంటే ఒక అంగుళం లావు. నమ్మకపోతే జాకెట్లు కుట్టే టేపుతో నేనే కొలిచాను.

ఆ ఏడాది ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దాన్ని నడిపే ఢిల్లీబాబు అనే పిల్లకాయ కూడా వచ్చాడు. నోరు కంప్యూటరు కంటే వేగం. "సారూ, మీ ఇనప రోలు ఇంక ఎందుకు? పాతసామాన్ల వాడికి చెప్పినా, రిటైరయినంక తీసకపోతాడు" అన్నాడట. ఆ రోజు ఇంటికి వచ్చి మా ఆయన అన్నం సరిగా తినలేదు.

"ఆ మిషను నాకియ్యమని అడుగుతా" అన్నాడు.

"అడగండి మరి."

"ఎట్లడిగేది? కొత్త ముదలాళి కోయంబత్తూరు మనిషి. మిల్లు కొని ఏడాది కాలేదు. నా మొగమే సరిగా తెలీదు. ఇంక మిషను మొగమేం తెలుస్తుంది?"

ఆఖరికి ఆయనే ఒక ఉపాయం తీశాడు. ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. రిటైరయ్యే మనిషి తన పని దగ్గర నిలబడిన ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, వీడ్కోలు సభలో యజమాని చేత కాగితం విప్పించి, ఆఫీసు గోడకు తగిలిస్తారు. మా ఆయన మిషను పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటాడు. ముదలాళి కాగితం విప్పుతాడు, మనిషినీ మిషనునూ కలిపి చూస్తాడు, మనసు కరుగుతుంది. సరిగ్గా ఆ నిమిషానికి మా ఆయన అడుగుతాడు. అంటే ఆ మిషను మా ఇంటికి రావడమా, తూకానికి పోవడమా అన్నది నేను తీయబోయే ఒక్క ఫోటో మీద ఆధారపడింది.

మే మూడు, ఆదివారం, చిత్తూరు పోయి తీశాను. ఆయన తెల్ల చొక్కా వేసుకొని, మీసం దువ్వుకొని, మిషను మీద చెయ్యి పెట్టి, పెళ్లినాడు నా చెయ్యి పట్టుకున్నప్పటి కంటే భద్రంగా నిలబడ్డాడు.

"ఇంకోటి తీయ్. ఎందుకైనా మంచిది."

"ఎందుకు? రెండోదాంట్లో మాత్రం అందం ఎక్కడినుంచి వస్తుంది?"

చక్రం పన్నెండు చూపింది. రెండు కలిపాను. పద్నాలుగు. మనసులో ముద్ర వేశాను.

నవ్వకండి, ఇంకా మొదలు కాలేదు.

తర్వాతి వారం మా తిరుపతిలో గంగజాతర. ఆ రోజుల్లో మా ఊళ్లో మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి వేషాలు వేస్తారు, చీర కట్టి ఆడవేషం కూడా వేస్తారు. దానికి ముందు ఏడాది నేను మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. నాలుగు నెలలు మంచం. అప్పుడు ఈయన నాకు చెప్పకుండా గంగమ్మకు మొక్కుకున్నాడట, నేను కుంటకుండా నడిస్తే చీర కట్టుకొని గుడికి వస్తానని. నేను నడిచాను. ఈయన మాట మాటే. ముప్పై ఏళ్లుగా పెంచిన మీసం తీసేసి, నా పెళ్లి పట్టుచీర కట్టుకొని, మొహానికి పసుపు, రూపాయంత బొట్టు, ముక్కుకు బులాకీ, సవరం మీద నాలుగు మూరల మల్లెపూలు పెట్టుకొని బయటికి వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ చీర నాకంటే ఆయనకే బాగుండింది. ఆ మాట మనసులో ఉంచుకున్నాను. పక్కన ముక్కాలిపీట, దాని మీద వేపాకు పెట్టిన ఇత్తడి కలశం. చేతిలో వేపమండ.

"ఒక ఫోటో" అన్నాను.

"వద్దే! తిరపతిలో చూసినోళ్లు చూసినారు. చిత్తూరులో తెలిసిందంటే ఆ ఢిల్లీబాబు నా మొగం చూసి ఊరుకుంటాడా?"

"మన ఇద్దరికే. ఎవరికీ చూపించను."

"ఒట్టు?"

"ఒట్టు."

వాకిట్లో బైరాగి వేషం వేసిన పక్కింటాయనను అప్పటికే ఒకటి తీశాను, అది పదిహేను. ఈయనది పదహారు. తర్వాత ఆఫీసులో మీసం ఏమైందని అడిగినవాళ్లను ఈయన కళ్లద్దాల మీదుగా చూశాడు. రెండోసారి ఎవరూ అడగలేదు.

ఇక రీలు కడిగించాలి. ఇక్కడ నా రెండో గొప్పతనం. జాతర అయ్యేసరికి ముప్పై ఒకటి అయ్యాయి. ఇంకా ఏడు మిగిలాయి. రీలు పూర్తి కాకుండా కడిగించడమంటే సగం ఉడికిన అన్నం వార్చడమే. మా ఆయన రోజూ అడుగుతున్నాడు.

"ఇంకా ఎన్ని ఉండాయి?"

"నాలుగు."

"ఆ నాలుగూ నావే తీసేయ్, పీడ పోతుంది."

"మీవి ఇన్ని ఎందుకు? దిష్టిబొమ్మకా?"

కరివేపాకు చెట్టును ఒకటి తీశాను. నీళ్ల తొట్టిని ఒకటి. కరెంటు మీటరును ఒకటి, అది మాత్రం పనికొచ్చేదే, అంకె స్పష్టంగా పడింది. అట్లా ముక్కీ మూలిగీ ముప్పై ఎనిమిది పూర్తి చేసేసరికి మే ఇరవై తొమ్మిది, శుక్రవారం. సభ శనివారం సాయంత్రం నాలుగింటికి. లోభికి ఖర్చెక్కువ, కుంటికి నడకెక్కువ అంటారు. ఆ ఏడాది ఆ రెండు పోస్టులూ నేనే చూశాను.

ఫోటో స్టూడియో దొరస్వామి రీలు చేతిలో పట్టుకొని ఆవలించాడు.

"ఏం టీచరమ్మా, రేపటికేనా? నెగటివులు సాయంత్రానికి తయారు. వచ్చి చూసి, ఏది పెద్దది చేయాల్నో చెప్పండి."

"చూసేదేముంది? పద్నాలుగో నంబరు. ఫ్రేము కట్టి, కాగితం చుట్టి, రేపు మధ్యాహ్నం చిత్తూరు బస్సులో డ్రైవరుకు ఇచ్చి పంపు."

"ఒకసారి లైటు ముందర పెట్టి చూస్తే..."

"దొరస్వామీ, నువ్వు నా దగ్గర ఏడో తరగతి చదివినావు. అప్పుడు ఎవరి లెక్క తప్పు వచ్చేది, నీదా నాదా?"

"నాదేనమ్మా" అని తల గోక్కున్నాడు.

అయినా పాపం వాడికి అనుమానం తీరలేదు. సాయంత్రం పక్కింటి ఫోనుకు చేశాడు. పరిగెత్తిపోయి తీసుకున్నాను. కాలు బాగా నడుస్తోంది కదా.

"అమ్మా, పద్నాలుగులో మనిషి ఒక్కరే. నిలబడి ఉండారు. అదేనా?"

"అదే."

"పక్కన పీట మాదిరి ఏందో ఉండాది. దాని మీద ఇత్తడిదో ఏమో ఉండాది."

"ఇత్తడి కాదురా, ఇనుము. నెగటివులో ఏ లోహమో నీకేం తెలుస్తుంది?"

"మొగం కూడా..."

"మొగం?"

"నెగటివులో అందరి మొగమూ దయ్యం మొగమే లేమ్మా. సరే, చేసేస్తా."

చూశారా, దేవుడు ఫోను చేసి మరీ చెప్పాడు. నేనే పెట్టేశాను.

శనివారం నేనూ ఆయనా చిత్తూరు పోయాం. మిల్లు గోదాములో షామియానా, కుర్చీలు, పులిహోర. ఆయన మెడలో గులాబీల దండ. కాగితం చుట్టిన ఫ్రేమును ఢిల్లీబాబే బస్టాండుకు పోయి డ్రైవరు దగ్గర తీసుకొచ్చి వేదిక మీద కుర్చీలో నిలబెట్టాడు. మా ఆయన దాని వైపు చూసి, నా చెవిలో "ముదలాళి కాగితం విప్పిన వెంటనే అడిగేస్తా. గుండె దడదడమంటా ఉండాది" అన్నాడు. "ధైర్యంగా అడగండి. నేనున్నా కదా" అన్నాను. నేను ఉండడమే అసలు తంటా అని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

ముదలాళి వచ్చాడు. తెల్ల పంచె, విభూతి, మంచి మనిషి. దారం కత్తిరించి, కాగితం లాగాడు.

నా పట్టుచీర. నా సవరం. నా బులాకీ. మధ్యలో మా ఆయన.

నేను చాలా పరీక్ష హాళ్లలో కాపలా కాశాను. అంత నిశ్శబ్దం ఎక్కడా వినలేదు. దొరస్వామి పనితనం ఒకటి, వేపాకు ఈనెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మా ఆయన మెల్లగా నావైపు తిరిగాడు. పెదవులు కదలకుండా మాట్లాడాడు.

"ఏం చేసినావే?"

"పద్నాలుగనే చెప్పినా."

"ఇది పద్నాలుగా?"

"లెక్క ప్రకారం అంతే."

"ఆ లెక్క ప్రకారమే నేనిప్పుడు ముత్తయిదువనైనా!"

ఇంతలో ముదలాళి రెండు అడుగులు వెనక్కి వేసి, ఫోటోను కింది నుంచి పైకి చూసి, చేతులు జోడించాడు.

"అడడా! ఎంత లక్షణం! సారు అమ్మగారా? అదే ముక్కు, అదే నుదురు!"

డెబ్బై మందిలో అరవై తొమ్మిది మందీ ఈ జిల్లా వాళ్లే, ఆ వేషం ఏమిటో పుట్టినప్పటినుంచి చూస్తున్నవాళ్లే. తెలియనిది ముదలాళి ఒక్కడికే. ఆయన మైకు తీసుకున్నాడు.

"చూడండి! అందరూ తమ ఫోటో పెట్టించుకుంటారు. చెంగల్రాయులు సారు, నా ఫోటో వద్దు, నన్ను కన్న తల్లి ఫోటో పెట్టండి అన్నారు. ఈ కాలంలో ఎవరు చేస్తారప్పా ఇట్లా? మనమందరం ఆ తల్లికి పూలు వేద్దాం. రండి, ఒక్కొక్కరే రండి!"

వరసగా వచ్చారు. వచ్చినవాళ్లు నవ్వు ఆపుకోవడానికి పడిన పాట్లు చెప్తే పాపం. ఒకాయన దగ్గు నటించాడు. ఇంకొకాయన తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. ఢిల్లీబాబు పూలు వేసి, వంగి చూసి, మా ఆయన పక్కనుంచి పోతూ గొణిగాడు.

"సారూ, అవ్వకు గడ్డం గీసిన గాటు కూడా ఉండాదే! మీసం యాడ పోయిందో ఇప్పుడు తెలిసింది."

ఆఫీసు ఊడ్చే మునెమ్మ వంతు వచ్చింది. ఆమె నవ్వలేదు. కొంగులోంచి కర్పూరం బిళ్ల తీసి ఫోటో ముందు వెలిగించి, వెనక్కి తిరిగి వరసను ఒక్క గదుము గదిమింది.

"ఏందిరా పండ్లు ఇకిలిస్తా ఉండారు? మొక్కు తీర్చినోణ్ణి సూసి నవ్వితే కండ్లు పోతాయి. నవ్వబాకండి, ఆడ ఉండేది గంగమ్మ తల్లి!"

"గంగమ్మనా? సారు అమ్మగారి పేరా?" అన్నాడు ముదలాళి.

ఇప్పుడు మా ఆయన చేయవలసిందల్లా నోరు మూసుకొని కూర్చోవడమే. ముదలాళి మనసు మేము అనుకున్నదానికి పదిరెట్లు కరిగి ఉంది. తల్లి పేరు చెప్పి మిషను కాదు, మిల్లు అడిగినా ఇచ్చేలా ఉన్నాడు. నేను ఆయన మోకాలు గిల్లాను. అడగండి అని. ఆయన దండ సర్దుకొని లేచాడు.

"సార్, ఒక సవరణ" అన్నాడు.

నా ప్రాణం పోయింది.

"ముప్పై ఒక్క ఏండ్లు ఈ ఆఫీసులో ఒక్క అంకె తప్పు రాయలేదు. పోయే దినం ఒక మనిషిని తప్పు రాసి పోలేను. ఆ ఫోటోలో ఉండేది మా అమ్మ కాదు సార్. మా అమ్మ సన్నగా, చామనఛాయగా ఉండేది. అది నేనే."

అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా తెగింది. గోదాము రేకులు అదిరాయి. నవ్వనివాళ్లు నలుగురే. మా ఆయన, నేను, మునెమ్మ, ముదలాళి. ఆయన మైకు దించి, మామూలు గొంతుతో అడిగాడు.

"చీర ఎందుకు కట్టినారు సార్?"

మా ఆయన నావైపు చెయ్యి చూపాడు.

"ఆమె కాలు విరిగింది. పుత్తూరులో కట్టు కట్టించినాం. నాలుగు నెలలు లేవలేదు. నేను అన్నం వండితే తిని, బాగుందని అబద్ధం చెప్పింది. అది చూడలేక తల్లికి మొక్కుకున్నా, ఈమె కుంటకుండా నడిస్తే నీ జాతరకు చీర కట్టుకొని వస్తానని. నడిచింది. కట్టుకున్నా. రెండు పక్కలా సరిపోయింది సార్."

గోదాములో నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియలేదు. నేను చీర కొంగు చూసుకుంటూ ఉన్నాను. ఆ మొక్కు సంగతి తెలుసు కానీ, నా అబద్ధం ఆయనకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

ముదలాళి చాలాసేపు తల ఊపాడు.

"మా ఇంట్లో ఆమెకు కాలు విరిగినప్పుడు నేను కారు కొనిచ్చినాను. చీర కట్టుకోవాలని తోచలేదే!" అన్నాడు. తర్వాత, "సార్, మీకేమి కావాలి? అడగండి" అన్నాడు.

రెండు నెలలుగా అద్దం ముందు అభ్యాసం చేసిన ఉపన్యాసం ఉంది మా ఆయన దగ్గర. దాంట్లో ఒక్క ముక్క రాలేదు. "ఆ మిషను" అన్నాడు.

"ఏ మిషను?"

ఢిల్లీబాబు పోయి స్టోరు గదిలోంచి మోసుకొచ్చాడు. ముదలాళి దాన్ని ఎప్పుడూ చూడలేదట. పిల్లాడిలా మీటలు నొక్కి, పిడి వెనక్కి తిప్పాడు. 'టింగ్' మంది. ఉలిక్కిపడ్డాడు.

"ఇది ఎందుకు మోగింది?"

"ఉన్నదానికన్నా ఎక్కువ తీసేస్తే గంట కొడుతుంది సార్."

"ఈ గంట ఇంకొంచెం గట్టిగా కొట్టుంటే మీ పాత ముదలాళి నాకు మిల్లు అమ్ముకునేవాడే కాదు" అని కడుపు పట్టుకొని నవ్వాడు. "తీసుకుపోండి సార్. అయితే ఒక షరతు. ఈ ఫోటో మాత్రం ఆఫీసులోనే ఉంటుంది. అది నేనివ్వను."

మిషను ఒళ్లో పెట్టుకొని మా ఆయన బస్సెక్కాడు. కండక్టరు చూసి, "ఏం మిషను సామీ, మురుకుల మిషనా?" అన్నాడు. "అవునప్పా, అంకెల మురుకులు" అన్నాడు ఈయన. నేను కిటికీలోంచి చీకటి పడుతున్న మామిడితోటలు చూస్తూ, నాకు రావలసిన తిట్లను మనసులో పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరస పెట్టుకుంటున్నాను. చంద్రగిరి కోట కనబడేసరికి ఆయన భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడి చూస్తే, నవ్వు. నోటికి దండ అడ్డం పెట్టుకొని నవ్వుతున్నాడు.

"సారు అమ్మగారా అన్నాడు చూడు!"

"తప్పయిపోయింది" అన్నాను. ఆ మాట నా నోట అంతకుముందు వచ్చిన జ్ఞాపకం ఆయనకు లేదు, నాకూ లేదు.

"ఊరుకోవే. సరైన ఫోటో వచ్చుంటే చప్పట్లు కొట్టి, పులిహోర తిని పంపించుండేవాళ్లు. నేను అడిగుండను. నాకు నోరు యాడ వస్తుంది? ఆ చీర వచ్చి అడిగింది గాబట్టి సరిపోయింది."

సోమవారం దొరస్వామి దగ్గరికి పోయాను. నెగటివులు లైటు ముందు పెట్టి చూపించాడు. ఫిల్ము అంచున సన్నగా అంకెలు అచ్చు వేసి ఉంటాయి, కంపెనీలోనే. అవి కూడా అందరూ రెండు వృథా చేస్తారన్న లెక్కతోనే వేస్తారు. నా చీకటి గది గొప్పతనం ఫిల్ముకు తెలియదు. మిషను పక్కన మా ఆయన ఉన్నచోట అంచున ఉన్న అంకె పన్నెండు. చక్రం ఏం చూపిందో, ఫిల్ము అదే చూపింది. మధ్యలో నేనొచ్చి ఇద్దరినీ దిద్దాను. దొరస్వామి నోరు తెరవలేదు. ఏడో తరగతి భయం ఇంకా ఉంది వాడికి. "సరే, ఆ పన్నెండు ఒక కాపీ వెయ్యి" అన్నాను. వేసి ఇచ్చాడు.

అంత తెల్లచొక్కా, అంత దువ్విన మీసం, మిషను మీద చెయ్యి, అన్నీ చక్కగా ఉన్నాయి. మా ఆయన కళ్లు మాత్రం గట్టిగా మూసుకొని ఉన్నాయి. ఇంకోటి తీయమని ఆయన అడిగాడు కూడా!

ఎనిమిదేళ్ల తర్వాత ఢిల్లీబాబు తన పెళ్లి పత్రిక ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చి, ఆ ఫోటో సంగతి అడిగాను. "ఇంకా ఉండాదా, తీసేసినారా?"

"తీసేస్తామా అమ్మా! కంప్యూటరు గదిలో, కంప్యూటరు నెత్తి మీదే తగిలిచ్చినాం. పాతోళ్లందరూ పోయినారు. కొత్తగా వచ్చిన పిల్లోళ్లకు ఆయమ్మ ఎవరో తెలీదు. శుక్రవారం శుక్రవారం పూలు పెడతారు. కంప్యూటరు మొరాయిస్తే నిమ్మకాయ కడతారు."

"ఎవరని చెప్పినావు వాళ్లకు?"

వాడు మా ఆయన వైపు ఓరగా చూసి, గ్లాసు కింద పెట్టి, చెంపలు వేసుకున్నాడు.

"కంప్యూటరమ్మ తల్లి అంటారమ్మా. శానా మహిమ గల తల్లి. నిమ్మకాయ కట్టినాక ఒక్క తూరి కూడా ఆగిపోలేదు."

మా ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "అట్లయితే నాకు పింఛనుతో పాటు పొంగళ్లు కూడా పంపించాల గదరా?" అన్నాడు.

ఇది రాస్తున్నప్పుడు కూడా పక్కగదిలో కర్‌ర్ టక్, కర్‌ర్ టక్ వినబడుతోంది. పాల లెక్క వేస్తున్నాడు. ఫోనులో ఆ లెక్క రెప్పపాటులో వస్తుందని మనవరాలు చెప్పింది. వస్తుంది, నిజమే. దానికి మేము చేతులెత్తి దండం పెడతాం. కానీ నా లెక్క తప్పని డెబ్బై మంది ముందు చూపించేంత సాహసం ఏ ఫోనూ చేయలేదు. ఆ కెమెరాకు, ఆ చక్రానికి, దొరస్వామి ఆవలింతకు, కోయంబత్తూరు మనిషి అమాయకత్వానికి నేను రుణపడి ఉన్నాను. వాళ్లలో ఎవరు కాస్త తెలివిగా ఉన్నా మా ఇంట్లో ఈ చప్పుడు ఉండేది కాదు.

కాబట్టి, నా రెండు కాళ్లూ నేల మీద సరిగ్గా ఆనించి, ఎర్ర సిరా కలం కింద పెట్టి, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రం ఏ అంకె చూపినా, బరువు తూచే మిషను నా బరువు చూపినా సరే, దానికి నేను ఒకటి కలపను, ఒకటి తీయను.

పోయినవాటి లెక్క: పెళ్లి పట్టుచీర ఒకటి, పసుపు మరక వదల్లేదు. పెద్ద ఫోటో ఒకటి, టేకు ఫ్రేముతో సహా. మా ఆయన మీసం ఒకటి, మళ్లీ పెంచలేదు. ఒట్టు ఒకటి. లెక్కల టీచరు గర్వం, ఉన్నదంతా.